స్క్రీన్ రీడర్‌తో ఆఫీసు పని: కంప్యూటర్ సిద్ధం చేయడం నుంచి మొదటి నెల దాకా

"మా టీములోకి చూపు లేని ఉద్యోగి వస్తున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. కొనడం సంగతి తర్వాత చూద్దాం. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మొదటి రోజే ఇన్‌స్టాల్ అయిపోయినా, హాజరు వేసే పేజీ కీబోర్డుతో తెరుచుకోక ఆ ఉద్యోగి ఖాళీగా కూర్చోవాల్సి వచ్చే ఆఫీసులు ఎన్నో. మాట్లాడే సాఫ్ట్‌వేర్ దొరకడం తేలిక. అది చదవగలిగేలా మిగతా ఆఫీసును సిద్ధం చేయడంలోనే అసలు శ్రమ ఉంది.

ఈ మార్గదర్శి టీము మేనేజర్లకు, ఐటీ వాళ్లకు. సొంతంగా తన కంప్యూటర్ సర్దుకుంటున్న ఉద్యోగికీ పనికొస్తుంది. మెట్లను ఇదే వరసలో వెళ్లండి. ముఖ్యంగా మొదటి రెండూ దాటేయొద్దు.

1. ఉద్యోగి చేరకముందే పనుల జాబితా రాయండి

ఉద్యోగ ప్రకటనలో రాసిన బాధ్యతలు ఇక్కడ ఉపయోగపడవు. ఇప్పుడు అదే పని చేస్తున్న వాళ్ల పక్కన కూర్చుని, ఒక వారంలో వాళ్లు నిజంగా ఏమేం తెరుస్తారో రాసుకోండి.

ప్రతి పనికీ ఇవి రాయాలి:

- ఏ ప్రోగ్రాములో లేదా ఏ వెబ్ పేజీలో జరుగుతుంది
- లాగిన్ ఎలా అవుతారు
- సమాచారం ఏ రూపంలో వస్తుంది: మెయిల్, ఎక్సెల్, పీడీఎఫ్, ఫొటో, చేతిరాత
- పూర్తయ్యాక ఎవరికి, ఏ రూపంలో పంపాలి
- రోజూ చేసేదా, నెలకోసారా

అసలు ఉద్యోగం కాని పనులు కూడా రాయండి: హాజరు, సెలవు దరఖాస్తు, జీతం స్లిప్, తప్పనిసరి శిక్షణ వీడియోలు, ప్రింటరు, తలుపు దగ్గరి టచ్ స్క్రీన్. అందరూ మరిచిపోయేవి ఇవే. ఇబ్బంది కూడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. అకౌంట్స్ పనంతా చక్కగా చేసుకుపోయే మనిషి సెలవు పెట్టుకోవడానికి పక్క సీటు వాళ్లను బతిమాలుకోవాల్సి రావడం ఏం బాగుంటుంది?

2. ఏం కావాలో ఆ మనిషినే అడగండి

చూపు ఎంత శాతం ఉంది, ఎప్పటి నుంచి ఇలా ఉంది వంటి ప్రశ్నలు మీకు అనవసరం. పనిముట్ల గురించి అడగండి:

- ఇప్పుడు ఏ స్క్రీన్ రీడర్ వాడుతున్నారు?
- నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డా, ల్యాప్‌టాప్ కీబోర్డా?
- బ్రెయిల్ చదువుతారా? బ్రెయిల్ డిస్‌ప్లే అలవాటుందా?
- ఏ భాషల్లో చదవాలి, ఏ భాషల్లో టైపు చేయాలి?
- ఫోన్లో ఏం వాడతారు?
- ఇంతకుముందు చేసిన చోట ఎక్కడ చిక్కుకున్నారు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీకు బోలెడు పని తగ్గిస్తుంది.

కొంత చూపు ఉన్నవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకునే మ్యాగ్నిఫయర్, రంగుల తేడా పెంచే సెట్టింగు వాడుతూ, కళ్లు అలసినప్పుడు మాటకు మారుతుంటారు. అలాంటప్పుడు రెండూ సిద్ధంగా ఉండాలి.

ఉద్యోగంలో ఉండగా చూపు పోయి తిరిగి వస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పని కొట్టిన పిండి, స్క్రీన్ రీడరే కొత్త. కీబోర్డు చూడకుండా టైపు చేయడం, విండోస్ షార్ట్‌కట్లు, ఆ తర్వాత స్క్రీన్ రీడర్: ఈ వరసలో నేర్చుకోవడానికి పనివేళల్లోనే సమయం ఇవ్వండి. మూడూ ఒకేసారి నెత్తిన పడితే చేయి తిరిగినవాళ్లు కూడా "ఇక నా వల్ల కాదు" అనేస్తారు.

3. స్క్రీన్ రీడర్ ఎంచుకోవడం

- ఎన్‌వీడీఏ: విండోస్‌లో నడుస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్.
- జాస్: విండోస్‌లో నడుస్తుంది. డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఆఫీసు సొంతంగా రాయించుకున్న పాత ప్రోగ్రాముల కోసం దీనికి ప్రత్యేకంగా స్క్రిప్టులు రాయించుకోవచ్చు.
- నరేటర్: విండోస్‌తో పాటే వస్తుంది. ఇంకేదీ పనిచేయనప్పుడు ఆదుకుంటుంది.
- వాయిస్‌ఓవర్: మ్యాక్, ఐఫోన్లలో ఉండేది.
- ఓర్కా: లినక్స్‌లో వాడేది.

ఆ మనిషికి ఏది చేతికి అలవాటైందో అదే పెట్టండి. "కంపెనీ లైసెన్సు ఉంది కాబట్టి ఇదే వాడాలి" అంటే, వందల షార్ట్‌కట్లను వేళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అలవాటైనది ఏదో ఒక ప్రోగ్రాములో మొరాయిస్తే ఆ ఒక్క ప్రోగ్రాముకే రెండోది వాడుకోవచ్చు. రెండు స్క్రీన్ రీడర్లూ ఒకేసారి మాట్లాడితే మాత్రం ఏదీ అర్థం కాదు, కాబట్టి ఒకటి ఆపి ఇంకొకటి తెరవాలి.

బ్రెయిల్ డిస్‌ప్లే అంటే కంప్యూటరు అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా పైకి లేపే పరికరం. స్పెల్లింగు, కోడ్, అంకెలు సరిచూసే పనికి, ఫోన్లో మాట్లాడుతూ చదవాల్సిన పనికి దీనికి సాటి లేదు. బ్రెయిల్ రానివాళ్ల బల్ల మీద పెడితే మాత్రం అలంకారంగా మిగులుతుంది.

ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ విండోస్‌లో ఎన్‌వీడీఏవి. మిగతావాటిలో మీటలు మారతాయి, పద్ధతి ఇదే.

4. ఇన్‌స్టాల్ చేసి సెట్టింగులు సరిచేయడం

1. పెన్‌డ్రైవ్‌లో నడిచే పోర్టబుల్ కాపీతో సరిపెట్టొద్దు, పూర్తిగా ఇన్‌స్టాల్ చేయండి. పోర్టబుల్ కాపీ లాగిన్ తెరను, అడ్మిన్ అనుమతి అడిగే తెరను చదవలేదు.
2. కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చండి. ఇది మరిస్తే ఏదో ఒక ఉదయం హఠాత్తుగా మాట ఆగిపోతుంది.
3. జనరల్ సెట్టింగుల్లో సైన్ ఇన్ సమయంలో ఎన్‌వీడీఏ వాడే ఆప్షన్ టిక్ చేయండి. దీనికి అడ్మిన్ హక్కు కావాలి.
4. మాట వేగం, గొంతు ఉద్యోగే సరిచేసుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు పెట్టుకునే వేగం మీ చెవికి గొణుగుడులా వినిపిస్తుంది. పాడైందనుకుని తగ్గించకండి.
5. నంబర్ ప్యాడ్ లేకపోతే కీబోర్డు సెట్టింగుల్లో ల్యాప్‌టాప్ లేఅవుట్ ఎంచుకుని, క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ మీటగా పెట్టండి. మామూలుగా ఆ పని ఇన్సర్ట్ చేస్తుంది.
6. ఇన్సర్ట్, కంట్రోల్, సి కలిపి నొక్కి సెట్టింగులు సేవ్ చేయండి. ఆ తర్వాత జనరల్ సెట్టింగుల్లో, ఇవే సెట్టింగులను సైన్ ఇన్ తెరకు కూడా వాడమనే బటన్ నొక్కండి. లేకపోతే లాగిన్ దగ్గర ఒక గొంతు, లోపల ఇంకో గొంతు వినిపిస్తాయి.
7. కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, మానిటర్ ఆఫ్ చేసి లాగిన్ అయి చూడండి.

తెలుగు ఫైళ్లతో పని ఉంటే ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతులో తెలుగు ఉంది. గొంతు కాస్త యంత్రంలా ఉన్నా వేగం పెంచినప్పుడు స్పష్టత పోదు. ఫైలు యూనికోడ్‌లో ఉండాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు తెర మీద అచ్చ తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది కాబట్టి అర్థం లేని కూతలా వినిపిస్తుంది. అలాంటివి ముందే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వండి.

5. హెడ్‌సెట్, గోప్యత

స్పీకర్లో పెడితే పక్కవాళ్ల జీతాల వివరాలు హాలంతా వినిపిస్తాయి. అలాగని రెండు చెవులూ గట్టిగా మూసే హెడ్‌ఫోన్ పెడితే, వెనక నుంచి ఎవరైనా పిలిచినా వినబడదు. ఒక చెవికే ఉండేది గానీ, చెవిని మూయకుండా ఎముక ద్వారా శబ్దం పంపేది గానీ రోజంతా వాడుకోవడానికి మేలు.

బ్లూటూత్ కంటే వైరు హెడ్‌సెట్‌కే నా ఓటు. బ్లూటూత్‌లో మీట నొక్కిన కాసేపటికి మాట వస్తుంది. రోజుకు వేల మీటలు నొక్కే మనిషికి ఆ చిన్న ఆలస్యమే పెద్ద చిరాకు. పైగా సగంలో ఛార్జింగ్ అయిపోతే తెర నల్లబడినట్టే.

మానిటర్‌ను వెనక నుంచి ఎవరూ చూడకుండా ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ అనే సెట్టింగు ఉంది. అది ఆన్ చేస్తే తెర నల్లగా మారుతుంది, చదవడం మామూలుగా సాగుతుంది. ఐటీ వాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి. లేకపోతే మానిటర్ పోయిందని కొత్తది తెచ్చి బిగిస్తారు!

6. లాగిన్ దారి మొత్తం నడిచి చూడండి

పాస్‌వర్డ్ ఒక్కటే అయితే సమస్య లేదు. దాని తర్వాత అడిగే రెండో ధృవీకరణ దగ్గరే ఆగిపోతారు.

- చిన్న తెర మీద అంకెలు చూపించే టోకెన్ పరికరం చూపు లేనివాళ్లకు పనికిరాదు. ఫోన్ యాప్, కంప్యూటర్లో గుచ్చే సెక్యూరిటీ కీ, వేలిముద్ర వంటి ప్రత్యామ్నాయం అడగండి.
- బొమ్మలో అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా ఉంటే తీసేయించండి. ధ్వని క్యాప్చా ఉన్నా అది స్క్రీన్ రీడర్ మాటతో కలిసిపోయి అర్థం కాదు.
- కోడ్ కొట్టేలోపే గడువు అయిపోతుంటే దాన్ని పెంచమనండి. ఫోన్లో కోడ్ విని, గుర్తుపెట్టుకుని, కంప్యూటర్లో కొట్టడానికి చూసి కొట్టేదానికంటే ఎక్కువ సమయం పడుతుంది.
- రిమోట్ డెస్క్‌టాప్‌లో పని ఉంటే అవతలి కంప్యూటర్లో కూడా స్క్రీన్ రీడర్ ఉండాలి, దాని శబ్దం ఇవతలికి రావాలి. ఇవతలి ఎన్‌వీడీఏకు అవతలి తెర ఒక చిత్రం మాత్రమే.

వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్ 2023లో వచ్చింది. లాగిన్ కోసం గుర్తుపెట్టుకునే పరీక్షలు, పజిళ్లు తప్పనిసరి కాకూడదనే నియమం, లాగి వదిలే పనికి మరో దారి ఉండాలనే నియమం అందులో చేరాయి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ పేరు చెప్పి అడిగితే వాళ్ల జవాబు వేరుగా ఉంటుంది.

7. మౌస్ పీకేసి పరీక్షించండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. మొదటి మెట్టులో రాసుకున్న జాబితాలోని ప్రతి పనినీ ఇలా చూడాలి. స్క్రీన్ రీడర్ రానివాళ్లు కూడా మొదటి సగం చేయగలరు.

మొదటి సగం, కీబోర్డు:

1. మౌస్ తీసేయండి.
2. ట్యాబ్ నొక్కుతూ పేజీ అంతా తిరగండి. వెనక్కి రావడానికి షిఫ్ట్, ట్యాబ్.
3. ఇప్పుడు ఎక్కడున్నారో తెర మీద గుర్తు కనిపిస్తోందా?
4. ప్రతి బటన్ దగ్గరికీ వెళ్లగలిగారా? ఎంటర్ లేదా స్పేస్‌తో అది పనిచేసిందా?
5. ఎక్కడైనా లోపలికి వెళ్లి బయటికి రాలేకపోయారా? తేదీ ఎంచుకునే క్యాలెండర్లు, పాపప్‌లు ఇలా ఇరికిస్తుంటాయి.

రెండో సగం, మాట. మానిటర్ ఆపండి. కంట్రోల్, ఆల్ట్, ఎన్‌తో ఎన్‌వీడీఏ తెరవండి. మాట ఆపడానికి కంట్రోల్ చాలు. ఆపైన ఈ మీటలు (కామా పెట్టి రాసినవి కలిపి నొక్కాలి):

- హెచ్: తర్వాతి శీర్షిక
- ఎఫ్: తర్వాతి ఫారం గడి
- బి: తర్వాతి బటన్
- టి: తర్వాతి పట్టిక. అందులో తిరగడానికి కంట్రోల్, ఆల్ట్, బాణం మీటలు
- ఇన్సర్ట్, ఎఫ్7: పేజీలోని లింకులు, శీర్షికలు, బటన్ల జాబితా
- ఇన్సర్ట్, స్పేస్: చదివే పద్ధతి నుంచి టైపు చేసే పద్ధతికి, మళ్లీ వెనక్కి

సెలవు దరఖాస్తు పేజీ తీసుకుందాం. ఎఫ్ నొక్కారు. "ఎడిట్, ఖాళీ" అంది. ఏం ఎడిట్? మళ్లీ ఎఫ్. "ఎడిట్, ఖాళీ." మొదటిది మొదలు తేదీ, రెండోది ముగింపు తేదీ. చూసేవాళ్లకు పైన పేర్లు కనిపిస్తున్నాయి కానీ, కోడ్‌లో ఆ పేర్లను గడులతో ముడిపెట్టలేదు. బి నొక్కారు. "బటన్." మళ్లీ బి. "బటన్." ఒకటి సమర్పించేది, ఇంకొకటి చెరిపేసేది. రెంటి మీదా బొమ్మ ఉంది, పేరు లేదు. ఏదో నొక్కారు, అంతా నిశ్శబ్దం. పేజీ పైన ఎర్ర అక్షరాల్లో "తేదీ తప్పు" అని వచ్చింది, ఎవరూ చదివి వినిపించలేదు.

డెవలపర్‌కు ఇవి నాలుగైదు వరసల మార్పులు. గడికి లేబుల్ కట్టాలి. బొమ్మ బటన్‌కు పేరివ్వాలి. తప్పు సందేశం వచ్చిన వెంటనే స్క్రీన్ రీడర్ చదివేలా గుర్తు పెట్టాలి. కాబట్టి "పేజీ పనిచేయడం లేదు" అని ఫిర్యాదు రాయకండి. ఇలా రాయండి:

- ఏ పేజీ, ఏ బ్రౌజర్, స్క్రీన్ రీడర్ ఏ వెర్షన్
- ఏ మీట నొక్కారు
- ఏం వినిపించింది
- ఏం వినిపించాలి
- దీనివల్ల ఏ పని ఆగింది

చూపున్న డెవలపర్లకు ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో స్పీచ్ వ్యూయర్ ఉంది. అది పలికే ప్రతి మాటా అక్షరాల్లో కనిపిస్తుంది. ఫిర్యాదు అర్థం కానివాళ్లకు అది ఒకసారి తెరిచి చూపిస్తే చాలు.

పరీక్ష అయ్యాక ప్రతి పని పక్కనా ఒక మాట రాయండి: "అవుతుంది", "ఆలస్యంగా అవుతుంది", "కాదు". "కాదు" అన్నవాటికి చేరే తేదీలోపు మరో దారి చూపించాలి. రిపేరు అయ్యేదాకా ఆ ఒక్క పని వేరొకరు చేసి, బదులుగా వాళ్ల పని ఒకటి ఈయనో ఈమో తీసుకోవడం చాలాచోట్ల నడిచే పద్ధతి. దాన్ని రాతలో పెట్టండి, గడువు కూడా రాయండి. లేకపోతే తాత్కాలికం కాస్తా శాశ్వతం అయిపోతుంది.

8. టీము పంపే ఫైళ్లు

ఇది టీము అందరి పని. ఒక పేజీలో రాసి అందరికీ పంపండి.

వర్డ్: శీర్షికలకు అక్షరాలు లావుగా, పెద్దవిగా చేయడం చాలదు, హెడింగ్ స్టైల్ వాడాలి. అప్పుడే చదివే పద్ధతిలో హెచ్ మీట పనిచేస్తుంది. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ ఒక వాక్యంలో రాయాలి. రివ్యూ ట్యాబ్‌లోని చెక్ యాక్సెసిబిలిటీ చాలా తప్పుల్ని అదే పట్టిస్తుంది.

ఎక్సెల్: కలిపేసిన గడులు వద్దు. అందం కోసం ఖాళీ వరసలు వద్దు. ఒక షీట్‌లో ఒకే పట్టిక, ఏ1 నుంచి మొదలు. "ఎరుపు రంగు వేసినవి పెండింగ్" అనకుండా పక్కన ఒక నిలువు వరస పెట్టి "పెండింగ్" అని రాయండి.

పీడీఎఫ్: స్కాన్ చేసినదైతే అది ఫొటో. ఇన్సర్ట్, ఆర్ నొక్కి ఎన్‌వీడీఏలోనే ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తించడం) చేసుకోవచ్చు కానీ, అంకెలు తప్పు పడే అవకాశం ఉంది. లెక్కల పనిలో దాన్ని నమ్మొద్దు, అసలు ఫైలే అడిగి తెప్పించుకోండి.

చాట్‌లో స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లు అందులో ఏముందో కింద ఒక లైను రాయాలి.

9. మీటింగులు

తెర షేర్ చేస్తే చూపు లేనివాళ్లకు చేరేది మీ గొంతు మాత్రమే. ఫైలు ముందే పంపండి. "ఇక్కడ చూడండి, ఇది ఇలా పెరిగింది" అనొద్దు. "మూడో స్లైడు, అమ్మకాల గ్రాఫ్, రెండో త్రైమాసికం" అనండి.

మీటింగులో స్క్రీన్ రీడర్, మనుషులు ఒకేసారి మాట్లాడుతుంటారు. ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగుల్లో దాని మాటను ఒక పరికరానికి పంపి, మీటింగు ప్రోగ్రాము సెట్టింగుల్లో మీటింగు శబ్దాన్ని ఇంకో పరికరానికి పంపుకోవచ్చు. చాట్ సందేశాలు వరసపెట్టి వస్తుంటే ఇన్సర్ట్, ఎస్‌తో మాటను కాసేపు ఆపుకోవచ్చు. అది ఆపి మరిచిపోయి "నోరు పడిపోయింది" అనుకోవడం మామూలే. ముందు మాట తిరిగి వచ్చేదాకా ఆ మీటలే మళ్లీ మళ్లీ నొక్కి చూడండి.

10. మొదటి నెల

- మొదటి రోజు: సీటు, దారి, లాగిన్, మెయిల్. ఇంకేం పెట్టొద్దు.
- మొదటి వారం: "అవుతుంది" అని రాసుకున్న పనులు. పని నేర్పేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. "కుడివైపు పైన నొక్కండి" అంటే అర్థం కాదు, "సేవ్ అనే బటన్" అనాలి.
- రెండో వారం: "ఆలస్యంగా అవుతుంది" అన్నవి. ఎక్కడ ఆలస్యమో చూసి షార్ట్‌కట్ గానీ యాడ్ఆన్ (ఎన్‌వీడీఏకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము) గానీ వెతకండి.
- నెలాఖరు: ఫిర్యాదుల జాబితా తీసి, ఏవి తీరాయో ఉద్యోగితో కలిసి చూడండి.

సాయం చేసేవాళ్లు ఒక్కరే ఉంటే వాళ్లు సెలవు పెట్టిన రోజున పని ఆగిపోతుంది. ఇద్దరికి నేర్పండి.

11. తరచూ వచ్చే చిక్కులు

మాట రావడం లేదు. హెడ్‌సెట్, మ్యూట్ మీట చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కితే ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవుతుంది. అయినా రాకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్‌తో నరేటర్ తెరవండి. నరేటర్ కూడా మాట్లాడకపోతే తప్పు శబ్దం సెట్టింగులది.

వెబ్ పేజీలో టైపు చేస్తుంటే కర్సర్ ఎక్కడెక్కడికో దూకుతోంది. ఇంకా చదివే పద్ధతిలోనే ఉన్నారు. ఇన్సర్ట్, స్పేస్.

ఒక ప్రోగ్రాములో మాత్రం అసలు చదవడం లేదు. ఆ ప్రోగ్రామును అడ్మిన్‌గా తెరిచి, ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ వాడుతున్నారేమో చూడండి. ఆ ప్రోగ్రాములో ఎన్‌వీడీఏను మౌనంగా ఉంచే స్లీప్ మోడ్ పొరపాటున ఆన్ అయి ఉండొచ్చు కూడా. డెస్క్‌టాప్ లేఅవుట్‌లో ఇన్సర్ట్, షిఫ్ట్, ఎస్ దాన్ని తీసేస్తుంది.

అప్‌డేట్ తర్వాత యాడ్ఆన్లు ఆగిపోయాయి. ఎన్‌వీడీఏలో ఏటా వచ్చే మొదటి వెర్షన్‌తో పాత యాడ్ఆన్లు పొసగకపోవడం మామూలు. ఏ పని ఏ యాడ్ఆన్ మీద ఆధారపడిందో రాసి ఉంచుకుని, కొత్త వెర్షన్‌ను ముందు వేరే కంప్యూటర్లో చూశాకే ఇక్కడ వేయండి. నెలాఖరు లెక్కల వారంలో అసలు ముట్టుకోవద్దు.

నిన్నటిదాకా బాగున్న పేజీ ఈరోజు చదవడం లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పేజీ మార్చి ఉంటుంది. ఏడో మెట్టు ఫిర్యాదు పద్ధతిలో ఆరోజే రాయండి. ప్రతి మార్పుకు ముందూ మౌస్ లేని పరీక్ష చేయాలనే షరతును ఒప్పందం తిరగరాసేటప్పుడు అందులో చేర్పించండి.